నడిమిట్ల ఎంత చల్లగుంది?

పుణె,
6 జనవరి 2025.

అత్తకు నీల శనార్థులు.

నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీదే నిలబడి చదివాను. మామూలుగా పేపర్ భాషలో రాసే నువ్వు కోపం వస్తే మాత్రం మన మాటలోకి దిగుతావు కదా, నాకు అదే ఇష్టం. "నాలుగేండ్ల సంది మంచు మంచు అంటున్నవు. మంచు చేసుడుకు గంత సదువెందుకు బిడ్డా? మా కోరుట్ల ఐస్ ఫ్యాక్టరాయన పది ఫేలయ్యి రోజుకు రెండు లారీలు చేస్తుండు" అని రాశావు. మా గైడ్ మేడమ్‌కు ఆ మాట హిందీలో చెప్పాను. ఆమె నవ్వి, "దీనికి జవాబు నేర్చుకో, థీసిస్ రోజు నిన్ను ఇదే అడుగుతారు" అన్నారు. అందుకని నీ మీదే ప్రాక్టీస్ చేస్తున్నాను.

తోకచుక్క అంటే నిప్పు కాదు అత్తా. అది ఒక మురికి మంచుగడ్డ. మంచులో నల్లని మసి, రాతి దుమ్ము కలిసి ఉంటాయి. సూర్యుడి దగ్గరికి వచ్చినప్పుడు ఆవిరీ దుమ్మూ లేచి మనకు తోకలా కనిపిస్తాయి. మా దగ్గర నిజం తోకచుక్క ముక్క ఏమీ లేదు. అలాంటిది మేమే తయారుచేస్తాం. విపరీతంగా చల్లగా ఉండే ద్రవ నైట్రోజన్‌లోకి నీళ్లను సన్నటి తుంపరగా చల్లితే పిండిలాంటి మంచు వస్తుంది. అందులో బొగ్గు పొడి కలిపి, గాలి తీసేసిన ఉక్కు డబ్బాలో ఒక రాగి పలక మీద పోస్తాం. పలకను కింది నుంచి చల్లబరుస్తాం. ఆ మంచుపిండి ఎంత చల్లగా ఉందో ముట్టుకోకుండా, కంటికి కనపడని పరారుణ కాంతితో కనుక్కోవడం నా పని. ప్రతి తోకచుక్క దగ్గరికీ పోయి థర్మామీటర్ గుచ్చే వీలు లేదు కదా, అందుకని.

చల్లదనం అంటే గుర్తొచ్చింది. నీ నీరా కొట్టుకు ఎండాకాలం రాకముందే కష్టాలు మొదలవుతాయి, చల్లగా ఉంచకపోతే నీరా పులిసి కల్లవుతుంది కదా. ఈత చెట్లు గీసి నీకు నీరా తెచ్చే రామస్వామి పెద్దబాపు ఇంకా ప్రతి లొట్టి కుండలోంచీ ఒక చుక్క నాలుక మీద వేసుకునే బాగుందో లేదో చెప్తున్నాడా? నాలుకకు జలుబు చేస్తుంది, మొహమాటం కూడా ఉంటుంది. థర్మామీటర్‌కు ఆ రెండూ లేవు. అంకె అబద్ధం చెప్పదు అత్తా. అంకె కనిపించే ఐస్ డబ్బా ఒకటి కొను, జగిత్యాలలో దొరుకుతుంది.

నీ మేనకోడలు,
నీల

*

కోరుట్ల,
17 జనవరి 2025.

చిరంజీవి నీలకు అత్త రాజమణి రాసేది.

క్షేమాలు చివర రాస్తాను. ముందు అడగాల్సినవి చాలా ఉన్నాయి.

నీ ఉత్తరం రామస్వామన్నకు పైకి చదివి వినిపించాను. పొద్దున్నే కథలాపూర్ నుంచి నీరా తెచ్చి దింపి, గిరాకీ మొదలయ్యేదాకా కొట్టు ముందు బల్ల మీద కూర్చుంటాడు. అతనికి చదువు రాదు. నాకు సిరిసిల్లలో ఇరవై రెండేళ్లు సాంచాల షెడ్డులో, మరమగ్గాల మధ్య కండెలు చుట్టి చుట్టి, ఆ మోతకు చెవులు పోయాయి. నేను చదువుతాను, అతను చేతులతో అడుగుతాడు. ఇద్దరం కలిస్తే సరిగ్గా ఒక మనిషి అవుతాం అనుకో.

తోకచుక్క మంచుగడ్డ అని చదవగానే అతను ఆకాశం చూపించి, చెట్టెక్కుతున్నట్టు చేతులాడించి, వేలు తిప్పాడు. దాని మీదికి ఎక్కి చూసింది ఎవరని. నలభై ఏళ్లుగా ఈత చెట్లెక్కే మనిషికి ఆ అనుమానం రావడం న్యాయమే. జవాబు రాయి.

నా అనుమానాలు. ఉక్కు డబ్బా మూసి ఉంటే వెలుగు లోపలికి ఎలా పోతుంది? వెలుగు పడితే మంచు కరగదా? కంటికి కనపడని వెలుగు ఉందని మీకు ఎవరు చెప్పారు? కరోనా రోజుల్లో నుదుటికి తుపాకిలా పెట్టి జ్వరం చూశారే, నీది కూడా అదేనా? అదే అయితే నాలుగేళ్లు ఎందుకు పట్టింది?

నువ్వు రాసినట్టే జగిత్యాల పోయి డబ్బా కొన్నాను. నీలం రంగు, మూత గట్టిది. అందులో ఒక పెద్ద స్టీలు క్యాన్ పడుతుంది, చుట్టూ ఐసు నింపాలి. లోపలికి సన్నటి తీగ పోతుంది, బయట ఎర్రటి అంకె వెలుగుతుంది. ఇదివరకు ఆరు చిన్న క్యాన్లు, వాటికి తడి గుడ్డలు, తొట్టిలో ఐసు, ఒళ్లంతా తడి. ఇప్పుడు ఒక్క క్యానే. అంకె నాలుగు చూపిస్తుంది. గిరాకీ వాళ్లు నీరా చూడరు, ముందు అంకె చూస్తారు. నువ్వు రాసిన "అంకె అబద్ధం చెప్పదు" అన్న మాట అట్ట మీద పెద్దక్షరాలతో రాసి డబ్బాకు అంటించాను. ఏం రాశావని రామస్వామన్న అడిగితే చదివాను. నాలుక కొద్దిగా బయట పెట్టి చూపించి నవ్వాడు. తన నాలుకకు పని పోయిందని కాబోలు.

ఊలు స్వెట్టరు, చెవుల టోపీ పార్సెల్ చేశాను. ఆ చల్లని డబ్బా దగ్గర కూర్చునేటప్పుడు వేసుకో. ముక్కు కారితే చదువు సాగదు. ఇక్కడ అందరం బాగున్నాం.

రాజమణి

*

పుణె,
27 జనవరి 2025.

అత్తకు శనార్థులు.

స్వెట్టరు చేరింది. చలి అంతా ఉక్కు డబ్బా లోపలే అత్తా, బయట మామూలు గది. నువ్వు నన్ను ఐస్ ఫ్యాక్టరీలో కూర్చోబెట్టావు. అయినా ఏసీ గట్టిగా ఉంటుంది కాబట్టి వేసుకుంటున్నా. చెవుల టోపీ పెట్టుకుంటే ల్యాబ్‌లో పిలిచినా వినపడటం లేదు, దాన్ని మాత్రం దాచాను.

పెద్దబాపుకు చెప్పు, మనుషులెవరూ ఎక్కలేదు. వెలుగే దిగి వస్తుంది. సూర్యుడి వెలుగు తోకచుక్క మీద పడి వెనక్కి మన దగ్గరికి వస్తుంది. అందులో ఎరుపుకు అవతల, మన కంటికి అందని వెలుగు కూడా ఉంటుంది. పొయ్యి మంట ఆరిపోయాక కూడా అరచేయి పెడితే వేడి తగులుతుంది చూడు, అది ఆ రకం వెలుగే. మంచు ఆ వెలుగులో కొన్ని పాళ్లను తినేస్తుంది, మిగిలింది తిప్పి పంపుతుంది. తిరిగొచ్చిన వెలుగును కొలిచి మా యంత్రం ఒక గీత గీస్తుంది, తిన్న చోట ఆ గీతలో గుంట పడుతుంది. ఆ గుంటల్లో ఒకటి ప్రత్యేకం. మంచు ఎంత చల్లగా ఉంటే అది అంత లోతు అవుతుంది. కాస్త వెచ్చబడితే పూడుతుంది. గుంట లోతు కొలిస్తే చల్లదనం తెలుస్తుంది.

జ్వరం తుపాకి ఇది కాదు. అది ఒంట్లోంచి వచ్చే వేడిని చూస్తుంది. నేను వెలుగు పంపి, ఎంత మిగిలి వచ్చిందో చూస్తాను. డబ్బాకు ఒక కిటికీ ఉంది, వెలుగు అందులోంచి పోతుంది. దీపం చాలా చిన్నది కాబట్టి మంచు కరగదు. కంటికి కనపడని వెలుగు ఉందని ఎవరు చెప్పారన్న ప్రశ్న మాత్రం మేడమ్‌కు చాలా నచ్చింది.

నాలుగేళ్లు ఎందుకు పట్టిందంటే, ఇదిగో ఇందుకు. రాగి పలకకు ఒక థర్మామీటర్ బిగించి ఉంది. అది మైనస్ నూట తొంభై అంటుంది. నా వెలుగు మైనస్ నూట అరవై అంటుంది. ముప్ఫై డిగ్రీల తేడా. పదిసార్లు చేసినా అంతే. మేడమ్ ఏమంటారంటే, నల్లటి బొగ్గు పొడి వెలుగును మింగేసి గుంటను పూడుస్తోంది, అందుకే నీకు మంచు వెచ్చగా కనిపిస్తోంది, థర్మామీటరే నిజం అని. ఆ మాట కొట్టెయ్యలేను. మార్చి చివరిలోగా తేడా ఎక్కడిదో చూపించాలి. లేకపోతే ఈ పద్ధతి వదిలేసి వేరే పని ఎత్తుకోవాలి. అంకె అబద్ధం చెప్పదని నీకు రాసింది నేనే, ఇప్పుడు నా దగ్గర రెండు అంకెలున్నాయి.

నీల

*

కోరుట్ల,
10 ఫిబ్రవరి 2025.

నీలకు,

ఈసారి నీ మంచు గురించి అడిగే తీరిక లేదు. నా కొట్టు పరువు బజార్న పడింది.

వారం రోజులుగా నీరా పులుస్తోంది. పొద్దున ఎనిమిదింటికి తియ్యగా ఉంటుంది, పదింటికి నాలుక చురుక్కుమంటుంది, పన్నెండుకు కల్లే. మొన్న ఒక పంతులమ్మ తన తల్లికని సీసాలో పట్టించుకుపోయి, సాయంత్రం తెచ్చి నా ముందు పారబోసింది. గిరాకీ వాళ్లు నాకు రాసి చూపించే పలక తీసుకుని "ఇది కల్లు" అని రాసి చూపించింది. నీరా బోర్డు పెట్టి కల్లు అమ్మితే కొట్టు మూయిస్తారు, నీకు తెలియనిది కాదు.

అంకె చూశాను. నాలుగు. ఎప్పుడు చూసినా నాలుగే. డబ్బా సరిగ్గా ఉంది, ఐసు నిండుగా ఉంది. ఇక తప్పు ఎక్కడుంటుంది? నిన్న మిగిలిన నీరాను రామస్వామన్న ఇవాళ్టి దాంట్లో కలుపుతున్నాడు. ఇది నా మనసుకు తోచినప్పుడు రెండు రోజులు నాకే అన్నం సయించలేదు. నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషి. కానీ నువ్వు రాసిందే మళ్లీ మళ్లీ చదువుకున్నాను. నాలుకకు మొహమాటం ఉంటుంది, అంకెకు ఉండదు.

నిన్న అతను నీరా దింపగానే అందరి ముందే అడిగాను. "అన్నా, నిన్నటిది ఇయ్యాల్టిదాంట్ల కల్పుతున్నవా?" అని. నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలియదు, కానీ అవతలి హోటల్లో టీ తాగేవాళ్లు కూడా లేచి చూశారు. అతను డబ్బా మూత తీసి ఏదేదో చెప్పాడు. అంకె మీద చెయ్యి అడ్డం ఊపాడు. అంకె కంటే తనే ఎక్కువ అన్నట్టు. నేను అట్ట మీది మాట వేలితో చూపించాను. అప్పుడు అతను ఏం చేశాడో తెలుసా, ముందుకు వచ్చి నా మణికట్టు పట్టుకోబోయాడు. బజారులో, అందరూ చూస్తుండగా. విదిలించాను. అతను మోకు భుజాన వేసుకుని ఆటో ఎక్కకుండా నడుచుకుంటూ పోయాడు.

రేపటి నుంచి రావద్దని కబురు పంపించాను. నువ్వు చెప్పిన అంకె లేకపోతే ఇంకా ఎన్నాళ్లు మోసపోయేదాన్నో.

మీ అత్త

*

పుణె,
19 ఫిబ్రవరి 2025.

అత్తా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మనసు బాగా లేదు. పెద్దబాపు కలిపే మనిషి కాదు. చిన్నప్పుడు పులిసిన లొట్టిని నా కళ్ల ముందే చెట్టు మొదట్లో బోర్లించేవాడు, ఒక్క చుక్క ఉంచేవాడు కాదు. తొందరపడకు.

నాకు నాలుగు సంగతులు కావాలి. విసుక్కోకుండా రాయి. డబ్బాలో ఆ తీగ కొస ఎక్కడుంది, ఐసులోనా నీరాలోనా? క్యాన్‌లో ఎన్ని లీటర్లు పడుతుంది? నీరా క్యాన్‌లో పోసేటప్పుడు వెచ్చగా ఉంటుందా, ముందే చల్లార్చి పోస్తారా? పాత చిన్న క్యాన్లు ఉన్నప్పుడు ఒక్కసారైనా పులిసిందా?

ఎందుకు అడుగుతున్నానో ఇప్పుడే రాయను. నాకే ఇంకా పూర్తిగా తెలియదు. కానీ నీ ఉత్తరంలో "అంకె ఎప్పుడు చూసినా నాలుగే" అన్న దగ్గర ఆగిపోయాను. ల్యాబ్‌కు పోయి మా రాగి పలకకేసి అరగంట చూస్తూ కూర్చున్నాను. మా థర్మామీటర్ కూడా ఎప్పుడు చూసినా నూట తొంభైయే అంటుంది, పైన ఎంత పిండి పోసినా, పోయకపోయినా.

నీల

*

కోరుట్ల,
28 ఫిబ్రవరి 2025.

నీలకు,

వకీలులాగా ప్రశ్నలు రాశావు. నన్ను ముద్దాయిని చేశావు. తప్పు చేసినవాడు కథలాపూర్‌లో ఉన్నాడు, జవాబులు చెప్పాల్సింది నేను. గిదెక్కడి న్యాయం బిడ్డా? పెద్దబాపు చిన్నప్పుడు లొట్టి బోర్లించిండని మురుస్తున్నవు, అత్త ఇన్నేండ్లు తిండి పెట్టింది యాదికి లేదు.

సరే, అడిగావు కాబట్టి రాస్తున్నాను. తీగ కొస ఐసులో ఉంది, డబ్బా గోడకు ఆనించి. నీరాలో ఎందుకు పెడతారు, ఎంగిలి కాదా? క్యాన్ ఇరవై లీటర్లది. చెట్టు దింపిన నీరా దింపినట్టే వడపోసి పోస్తారు. పాత చిన్న క్యాన్లలో పులిసింది లేదు, కానీ అప్పుడు చలికాలం. చాలా?

రామస్వామన్న రావడం లేదు. మేడిపల్లి నుంచి ఇంకొకతన్ని పెట్టుకున్నాను. నాలుగు రోజులు కాకుండానే అతని నీరా కూడా పులిసింది. చెట్లు గీసేవాళ్లంతా ఒక మాట మీద ఉన్నారని అర్థమైంది. ఈసారి బజారులో అనలేదు, లోపల పిలిచి అడిగాను. అతను కూడా రావడం మానేశాడు.

నువ్వు వెలుగు వెలుగు అంటున్నావు కదా అని, పక్క మందుల షాపులో జ్వరం తుపాకి అడిగి తెచ్చి క్యాన్‌కు గురిపెట్టి చూశాను. అంకె రాలేదు, రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. షాపతను పలక మీద రాశాడు, "జ్వరం లేదు" అని. మా క్యాన్‌కు జ్వరం లేదట. బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. నవ్వినప్పుడు చెవులు లేకపోయినా తెలుస్తుంది.

పొద్దున పూట ఆ బల్ల ఖాళీగా ఉంటోంది. నీ పాత ఉత్తరాలు తీసి చదువుకున్నాను, పైకి కాదు. పైకి చదివితే వినేవాళ్లు లేరు.

రాజమణి

*

పుణె,
14 మార్చి 2025.

అత్తకు,

కోపం తగ్గించుకుని ఈ ఉత్తరం మొదట నువ్వు చదువు. తర్వాత కథలాపూర్ పోయి, రామస్వామి పెద్దబాపుకు పైకి చదువు. ఒక్క మాట వదలకుండా.

నీ జవాబులు వచ్చిన రోజే ఒక పని చేశాను. అదే మంచు, అదే బొగ్గు పొడి, అంతే పాళ్లు. మందం ఒక్కటే మార్చాను. ఇదివరకు పలక మీద రెండు వేళ్ల మందం పోసేదాన్ని. ఈసారి కాగితం మందం చల్లాను. వెలుగు పంపాను. థర్మామీటర్ మైనస్ నూట తొంభై, వెలుగు మైనస్ నూట ఎనభై తొమ్మిది. మళ్లీ రెండు వేళ్ల మందం పోశాను. వెలుగు మళ్లీ నూట అరవైకి వచ్చింది. బొగ్గే గుంటను పూడుస్తుంటే పలుచటి పొరలో కూడా పూడ్చాలి కదా? పూడ్చలేదు. అంటే ఆ పిండి పైభాగం నిజంగానే ముప్ఫై డిగ్రీలు వెచ్చగా ఉంది. కింద పలక చల్లదనం పొడిపొడి మంచులోంచి పైకి ఎక్కలేకపోతోంది. పైనుంచి డబ్బా గోడల వేడి తగులుతోంది. బూడిద కప్పిన నిప్పు పైన చెయ్యి పెడితే వేడి తెలియదు చూడు, ఇది దానికి తిరగేసినట్టు.

మేడమ్ మూడుసార్లు నాతో మళ్లీ చేయించి, తన చేత్తో నోట్‌బుక్‌లో సంతకం పెట్టారు. పద్ధతి వదలక్కర లేదు. తోకచుక్క నుంచి వచ్చే వెలుగు దాని ముఖం ఎంత చల్లగా ఉందో చెప్తుంది, కడుపు సంగతి వేరుగా కనుక్కోవాలి. అది నా థీసిస్‌లో ఒక అధ్యాయం అవుతుంది.

ఇప్పుడు నీ డబ్బా. తీగ ఐసులో ఉంది కాబట్టి ఐసు ఎంత చల్లగా ఉందో చెప్తుంది. నీరా ఎంత చల్లగా ఉందో దానికి తెలియదు. ఇరవై లీటర్ల నీరా చెట్టు వెచ్చదనంతోనే క్యాన్‌లోకి వస్తుంది. అంచుల దగ్గర చల్లబడినా నడుమకు చల్లదనం చేరడానికి గంటలు పడుతుంది. ఆ గంటల్లోనే పులుస్తుంది. జనవరి చలికి నీరా చెట్టు మీదే చల్లగా ఉండేది కాబట్టి అప్పుడు బయటపడలేదు. చిన్న క్యాన్లయితే తొందరగా చల్లారేవి. అందుకే మేడిపల్లి అతనిది కూడా పులిసింది. ఎవరూ ఏమీ కలపలేదు. జ్వరం తుపాకి సంగతికొస్తే, అది మనిషి ఒంటికే లెక్క కట్టిన యంత్రం, అంతకంటే చల్లటిది దేన్ని చూపించినా జ్వరం లేదనే అంటుంది.

పెద్దబాపూ, ఇది నీకు. అత్త నిన్ను బజారులో అన్న మాటకు మొదలు నా ఉత్తరం. నీ నాలుకను వెక్కిరించింది నేను. రెండు వందల కిలోల ఉక్కు డబ్బా ముందు నాలుగేళ్లుగా కూర్చున్నాను, థర్మామీటర్ ఎక్కడ బిగించారో ఒకసారి వంగి చూసి ఆలోచించలేదు. చూడకుండానే మీకు పాఠం చెప్పాను. నాకు చాలా సిగ్గుగా ఉంది. నీకు తెలిసే ఉంటుంది, ఆ రోజు నువ్వు చెప్పే ఉంటావు. నన్ను క్షమించు. అత్తను కూడా.

అత్తా, ఆ అట్ట చింపెయ్యి.

నీల

*

కోరుట్ల,
26 మార్చి 2025.

చిరంజీవి నీలకు,

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి దాని చుట్టే తిరిగాను. నువ్వు రాసింది అర్థం కాక కాదు. అర్థమైంది కాబట్టే.

నిన్న పొద్దున డబ్బా, క్యాన్, రెండు సంచుల ఐసు ఆటోలో వేసుకుని కథలాపూర్ పోయాను. ఈత వనం దగ్గర రామస్వామన్న చెట్టు దిగి కత్తి నూరుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు, పొమ్మని కూడా అనలేదు. నేను నిలబడే నీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివాను. "పెద్దబాపూ" అని నువ్వు రాసిన చోట నా గొంతు ఎలా వచ్చిందో నాకు తెలియదు, అతను మాత్రం కత్తి పక్కన పెట్టాడు. చదవడం అయిపోయాక నా మాట కూడా చెప్పాను. "అన్నా, తప్పు నాది. బజార్ల అందరి ముంగట అన్న. మల్ల గదే బజార్ల, అందరి ముంగట తప్పయిందంట. ఇంటికాడ అనుడు కాదు" అన్నాను.

అతను ఏదో మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. అన్ని రోజులు పట్టి ఉంచుకున్నది కాబోలు. పెదవులను బట్టి కొన్ని మాటలు అందాయి, చాలా అందలేదు. సంచిలోంచి పలక తీసి ఇవ్వబోయాను. చదువు రాని మనిషికి పలక ఇస్తున్నానని అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో గిరాకీ వాళ్లందరూ నాకు ఏదో ఒకటి రాసి చెప్పారు. అతను ఒక్కడే రాయలేడు. అతను ఒక్కడి మాటే నేను నమ్మలేదు. ఆ డబ్బా అంకె నేను చదవగలిగాను కాబట్టి దాన్ని నమ్మాను బిడ్డా. అక్కడే కూర్చుని ఏడ్చాను, దాచను నీ దగ్గర.

అతను లేచి అప్పుడే దింపిన నీరా వడపోసి క్యాన్‌లో నింపాడు. చుట్టూ ఐసు నింపి మూత పెట్టాడు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. అంకె పదకొండు అంది, ఏడు అంది, గంటకల్లా నాలుగు అయి అక్కడే ఆగింది. అప్పుడు మూత తీసి నా వైపు చెయ్యి చాపాడు. ఈసారి ఇచ్చాను. నా మణికట్టు పట్టుకుని ముందు చేతిని గోడ పక్కన ఐసులో పెట్టాడు, వేళ్లు కొంకర్లు పోయాయి. తర్వాత కడిగి తుడిచి, క్యాన్ నడుమకు మోచేతి దాకా దించాడు.

పొద్దెక్కాక బిందెలో ఉండే నీళ్లలా ఉంది నీలా. చల్లగా లేదు. అతను నా ముఖం చూస్తున్నాడు, తెలిసిందా అన్నట్టు. తెలిసిందని తల ఊపాను. అప్పుడు మాత్రం నవ్వి, నాలుక కొద్దిగా బయట పెట్టి చూపించాడు.

సోమవారం నుంచి వస్తాడు. ఆరు వేళ్లు చూపించాడు, ఆరు చిన్న క్యాన్లయితేనే అని. తీగను ఒక చిన్న క్యాన్ నడుమ వేలాడదీశాను, ఎంగిలైతే కానీ. ఇవాళ నీళ్లు పోసి చూస్తే ముందు ఇరవై ఆరు చూపించి నెమ్మదిగా దిగింది. ఇక అది దిగేదాకా నీరా ఎవరికీ పొయ్యను. అట్ట చింపేశాను. నువ్వు థీసిస్‌లో ఆ అధ్యాయం రాసేటప్పుడు మా ఇద్దరి పేర్లూ పెట్టక్కర లేదు, మేడమ్‌కు మాత్రం చెప్పు. ఇంకో అనుమానం కూడా ఉంది. తోకచుక్క కడుపు చల్లదనం ఎలా కనుక్కుంటారు, దానికి వెలుగు చాలదు కదా? రాయి, పైకి చదువుతాను.

ఇదంతా రాశాను కానీ అసలు సంగతి ఇంకా రాయలేదు. క్యాన్‌లో చెయ్యి ఉన్నప్పుడే తట్టింది. ఆ రోజు బజారులో మూత తీసి, అంకె మీద చెయ్యి అడ్డం ఊపి, అతను నా మణికట్టు పట్టుకోబోయింది ఇందుకే. ముంచి చూడమన్నాడు. నేను విదిలించాను.

మీ అత్త,
రాజమణి